ఉప్పుగుమ్మానికి కణుజు తోలు

మొదటి రాత: వేట పోస్టు అరుగు మీద

మా పోలి పెళ్లికి ఒప్పుకుంది.

ఈ చిట్టాలో మొదట జంతువు పేరు, అది పడిన చోటు రాయాలని వేటకు అనుమతిచ్చే పోస్టు గుమస్తా చెప్పాడు. రాస్తాను, అదీ రాస్తాను. కానీ కలం పట్టగానే నాకు ఇదే వచ్చింది. నలభై ఏళ్ల మా అమ్మాయి, ఏ సంబంధం తెచ్చినా "ఆడికి నానెందుకు, నాకు ఆడెందుకు" అంటూ వచ్చిన మా పోలి, మొన్న మాటబిళ్లలో తనంతట తనే పిలిచి, "అయ్యా, ఒక మనిసున్నాడు, నాకు నచ్చినాడు" అంది. నేను బిళ్ల కింద పడేసుకున్నాను. మా ఆవిడ గైరమ్మ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, "మళ్లీ సెప్పు" అంది. పోలి మళ్లీ చెప్పింది. గాలికి సరిగా వినపడలేదని అబద్ధమాడి ఇంకోసారి చెప్పించుకున్నాం.

నా పేరు లెంక పైడయ్య. గట్టుదేశం, కొర్రమెట్ట ఊరు. ఐదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి ఉన్న ఊరు ఉప్పునీళ్ల కింద పోయింది కాబట్టి చదువు అక్కడ ఆగింది. రాత వంకరగా ఉంటే మన్నించండి. వేట సరుకును సరిహద్దులోని ఉప్పుగుమ్మం దాటించేవాడు వేట మొదలు గుమ్మం దాకా జరిగింది తన చేత్తో, దాచకుండా రాయాలని రెండు దేశాలూ కలిసి ఈ ఏడే షరతు పెట్టాయి. ఇంతకు ముందు అసలు దాటనిచ్చేవాళ్లే కాదు. అడవి మాంసంతో లోజ్వరం వచ్చి ఊళ్లు ఊళ్లు పోయాక, సముద్రం మీద బతికే తెప్పలదేశం వాళ్లు తొట్లలో పెంచిన మాంసమే తింటున్నారు. మా పోలి అదృష్టం చూడండి, తను ఒప్పుకున్న ఏడే గుమ్మం కూడా ఒప్పుకుంది.

జంతువు: మగ కణుజు, అదే పెద్ద దుప్పి. పడిన చోటు: జోడుబండల వాగుకు ఎగువన. ఇంటికి ఏడాదికి ఒక్కటే అనుమతి. అందుకే తొందరపడకుండా, గాలి మావైపు తిరిగేదాకా పొదలో కూర్చున్నాం, నేనూ నా బావమరిది బంగారునాయుడూ. నేను విల్లు ఎత్తాను. అమ్ము సూటిగా పోయింది. కణుజు నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూర్చుంది.

పద్ధతి ప్రకారం కుడిచెవి కోసి, అది పడిన చోటే పాతిపెట్టాం. మా గట్టు జనం చెవిని ఇంటికి తెచ్చుకోరు. ఒకదాన్నే తీసుకున్నామని, ఎందుకు తీసుకున్నామో అడవి వినాలి కదా. గుంట మీద రాయి పెట్టి, వంగి, "మా పోలి పెళ్లికే" అని చెప్పాను. పోస్టు వాళ్లు వెనక కాలికి రేకుబిళ్ల కట్టారు. గుమ్మం దగ్గర ఇదే చూపించాలి కాబట్టి అది ఊడకుండా పైన నార కూడా చుట్టాను.

అల్లుడి పేరు మైలపిల్లి నూకరాజు. ఉప్పుగుమ్మం ఆఫీసులో పశువుల డాక్టరట. పోలి అతని ఫొటో పంపింది. ముఖం మంచిది. చేతులే సన్నం.

"ఆ సేతుల్తో ఏటి మోత్తాడు బావా" అన్నాడు బంగారునాయుడు.

"మోసే పని పోలిదేలే" అంది గైరమ్మ.

అదీ నిజమే. పోలి గుమ్మం నుంచి తెప్పలపట్నానికి జనాన్ని చేరవేసే పెద్ద పడవ నడుపుతుంది. ఆమె తాడు లాగడం చూసినవాళ్లు ఆమెతో వాదన పెట్టుకోరు.

రెండో రాత: ఇంటి దగ్గర

సరుకు దేనికో కూడా రాయాలట. పెళ్లికి అని రాస్తే చాలదు, ఎందుకు కావాలో చెప్పాలట. సరే.

మా దగ్గర ఆడపిల్ల పరదేశం మనిషిని చేసుకుంటే, తండ్రి తన చేత్తో వేటాడిన జంతువు తోలు మీద కూర్చుని చేసుకోవాలి. అట్లా కూర్చున్న పిల్ల ఎక్కడ కాపురం చేసినా గట్టు మనిషే. ఎవరి అనుమతి చీటీ లేకుండా, ఎప్పుడంటే అప్పుడు పుట్టింటికి రావచ్చు. తోలు లేకుండా చేసుకుంటే ఊరి పెద్దలు ఆమె పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత తల్లిని చూడాలన్నా గుమ్మం దగ్గర చీటీ కోసం నిలబడాలి. గైరమ్మ అక్క కూతురికి అట్లాగే జరిగింది. తల్లి పోయిన కబురు అందాక చీటీ కోసం కూర్చుంది. చీటీ చేతికి వచ్చేసరికి ఇక్కడ పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ పిల్ల గుమ్మం అవతల తెప్ప మీద నిలబడి మా కొండవైపు చూసి వెళ్లిపోయిందని చెప్పుకున్నారు. గైరమ్మ ఆ మాట ఎత్తదు. కానీ తోలుకు ఉప్పు పట్టిస్తున్నంతసేపూ అదే తలుచుకుంటోందని నాకు తెలుసు.

తెప్పలదేశం వాళ్ల పద్ధతి వేరు. సముద్రం నిండా పొంగి, కింద తెప్ప లేచి, కట్టిన తాళ్లు బిగిసినప్పుడే వాళ్లు పెళ్లి చేస్తారు. పెళ్లికొడుకు నీటి మీద ఉండాలి. నీరు తీస్తుండగా చేసిన పెళ్లిని పెళ్లి అనరు. ఈ పున్నమికి వచ్చేదే ఈ ఏటికి పెద్దపోటు.

"ఇది తప్పితే వొచ్చే యేడు సేత్తారు. ఏటైపోతాది" అన్నాడు బంగారునాయుడు.

నేనూ గైరమ్మా ముఖాలు చూసుకున్నాం. పోలి సంగతి మాకు తెలుసు. ఏడాదిలో ఏదో ఒకరోజు ఆ డాక్టరు బురదకాళ్లతో పడవెక్కుతాడు. ఆ ఒక్కదానికే పోలి పెళ్లి వద్దంటుంది.

తోలు కొవ్వు గీకి, ఉప్పు పట్టించి, నీడన ఆరేశాం. బ్రహ్మాండంగా వచ్చింది. ఎక్కడా కత్తి గాటు లేదు. మెడ దగ్గర వెంట్రుక ఇంత పొడుగు. చెయ్యి పెడితే తీయబుద్ధి కాదు. సగం మాంసం పొగ మీద ఆరబెట్టాం, సగం చలిపెట్టెలో పెట్టాం. చలిపెట్టె ఎండతో నడిచేది. నాకు భయమంతా ఆకాశం గురించే. తూర్పున మబ్బు కూర్చుంది.

ఇంకొక బాధ. తెప్పలదేశం ముగ్గురికే చీటీలు ఇచ్చింది. నాకు, గైరమ్మకు, బంగారునాయుడికి. తోలు మీద కూర్చున్నట్టు గట్టు మనుషులు ముగ్గురు చూడాలి కాబట్టి అంతే చాలన్నారు. మిగతా చుట్టాలందరూ నామీద ముఖం మాడ్చుకున్నారు. మా అక్క మరిడమ్మ పొద్దున్నే వచ్చి మా ఇంటి గుమ్మంలో కూలబడింది.

"నీ కూతురు పెళ్లి సేసుకోదని ఊరంతా నానే సెప్పినాను. ఇప్పుడు ఆ పెళ్లి సూడాలని నా పేనం కొట్టుకుంటన్నాది. సీటీ లేదంటావేటి తమ్ముడా?"

"సీటీ నానియ్యలేదు కదప్పా."

"ఇచ్చేవోడికి నువ్వు సెప్పలేదు కదా."

పొగబెట్టిన మాంసంలో ఒక ముక్క చేతిలో పెట్టాను. పెళ్లిమాంసం ముందే తినకూడదని తిరిగి ఇచ్చేసింది. అంత కోపంలోనూ పద్ధతి మరవలేదు మా అక్క.

మూడో రాత: తీగబండి మజిలీలో

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తున్నాను.

తీగబండి మమ్మల్ని కొండ మీదినుంచి లోయ మీదుగా మజిలీ దాకా బాగానే దింపింది. తోలు చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. చలిపెట్టె బంగారునాయుడి ఒళ్లో. గైరమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమెకు ఎత్తు పడదు. ఎదురుగా కూర్చున్న వాళ్లందరికీ మా పోలి సంగతి చెప్పాను. ఒకాయన దిగిపోతూ, "పెళ్లికూతురికి నా దీవెనలు, ఇంక నన్నొగ్గీ" అన్నాడు.

మజిలీలో బోడెమ్మ అనే ఆమె కలిసింది. దుప్పి తోళ్లు, కొమ్ము దువ్వెనలు గుమ్మం దాటించి అమ్ముకుంటుంది. ఖాళీ గంపతో తిరిగి వస్తోంది. తోలు చూపించమంటే గర్వంగా విప్పాను. వేలితో తడిమింది, మెచ్చుకుంది, తలవైపుకు వచ్చి ఆగిపోయింది.

"కుడిసెవేది మావా?"

"అడివికిచ్చినాం. పద్ధతి."

"మరి గుమ్మం దగ్గర ఏటి సూపిత్తావు?"

రేకుబిళ్ల చూపించాను. ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఇది మీ పోస్టోల్ల బిళ్ల మావా. గుమ్మంలో సరుకుని పరీచ్చ సేసే పలక రేకును వినదు, సెవిలో గింజను వింటాది. అడివిలో ఈగ యంత్రాలు తిరుగుతాయి కదా, అయ్యి పిల్లప్పుడే ప్రతి జంతువు కుడిసెవిలో గింజ నాటీసి పోతాయి. ఎక్కడ పెరిగినాది, జొరం తగిలినాదా లేదా, అదే సెప్తాది. గింజ లేని సరుకు గీత దాటనీరు. కొలిమిలో ఏసేత్తారు, లేకపోతే ఎనక్కి తోలేత్తారు."

బంగారునాయుడు మొదట ఇదేదో వేళాకోళం అనుకుని నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నోరు మూశాడు. ఈగ యంత్రాలు మాకు తెలుసు. అడవిలో రోజూ చూస్తాం. జంతువుల్ని లెక్కపెడతాయని అనుకునేవాళ్లం. చెవిలో ఏదో పెడతాయని మాకెవరు చెప్పారు? చెవి మేం కోసి పాతిపెడతాం గానీ లోపల వెతకం కదా.

"ఎనక్కెల్లి తవ్వేద్దుమా బావా? నానెల్తాను" అన్నాడు బంగారునాయుడు.

గైరమ్మ తల అడ్డంగా ఊపింది. "పెళ్లి పేరు సెప్పి ఇచ్చినాం. ఇచ్చినదాన్ని తవ్వి తెచ్చి అదే పెళ్లి సేత్తామేటి? అయినా ఈపాటికి ఆ గుంటలో సీమలు తప్ప ఏటుంటాయి."

వెనక్కి వెళ్లి వస్తే పోటు దాటిపోతుంది. ఇంకో కణుజును వేటాడదామంటే ఈ ఏటి అనుమతి అయిపోయింది. మబ్బు కమ్మింది. చలిపెట్టె మీద పచ్చదీపం పసుపు రంగుకు వచ్చింది. ముందుకు పోవడం తప్ప ఏం తోచడం లేదు. పోలికి ఇంకా చెప్పలేదు. ఇందాక పిలిచి, "అయ్యా, తోలు బాగుందా" అని అడిగింది. బాగుందన్నాను. అది అబద్ధం కాదు.

నాలుగో రాత: దారిలో

వాన. సరుకు బాగానే ఉంది. దీపం ఇంకా పసుపే. ఈరోజు ఇంతకంటే రాయను.

ఐదో రాత: ఉప్పుగుమ్మం, ఇవతలి షెడ్డులో

నిన్న రాయనిది ఇప్పుడు రాస్తాను. ఇది చదివేవాళ్లు నన్ను ఏమైనా చెయ్యండి. మా పోలిని మాత్రం ఏమీ అనకండి.

మజిలీలో బయలుదేరబోతుంటే బోడెమ్మ వెనక్కి వచ్చి, గంప అడుగునుంచి ఒక ఎండిన చెవి తీసింది. దారిలో చచ్చిపడిన ముసలి ఆడకణుజుదట, గింజ చెడలేదట. మా దగ్గరున్న కణుజు కొమ్ములు ఇస్తే చెవి ఇస్తానంది. గింజ మంచిదా కాదా అని తప్ప, అది ఏ తోలుదో పలకకు తెలియదట. నేను ఇచ్చేశాను. గైరమ్మ ఒక్కమాట అనలేదు. ఇంత పొడుగు కాపురంలో ఆమె మాట అనకుండా ఉండడం నాకు కొత్త. వానలో ఒక చెట్టు కింద కూర్చుని బంగారునాయుడు తోలు పట్టుకుంటే నేను ఆ చెవి కుట్టాను. కుట్టు సన్నగా, వెంట్రుకలో కలిసిపోయేలా కుట్టాను. చెప్పులు కుట్టిన చెయ్యి, బాగానే వచ్చింది. ఆ బాగా రావడమే చూడలేకపోయాను.

గుమ్మం అంటే గుమ్మం కాదు. పాత రోడ్డు కొండ దిగి సముద్రంలోకి మునిగిపోయే చోటు. రోడ్డు చివర రాతిమెట్లు. చివరి మెట్టు అంచున పసుపుగీత. గీత దాకా మాది, గీత అవతల నీళ్లు, వాళ్లవి. మెట్లకు పక్కన కొలిమి. మేం వెళ్లేసరికి మా ముందున్నాయన అడవిపంది తోలు కొలిమిలో కాలుతోంది. అతను అక్కడే నిలబడి, ఎవరో చనిపోయినట్టు చూస్తున్నాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నా చంకలోని తోలును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మా వంతు వచ్చింది. బల్ల వెనక తెల్లకోటు మనిషి తల ఎత్తకుండా చెయ్యి చాచి చిట్టా తీసుకున్నాడు. చెయ్యి సన్నంగా ఉంది.

ఆ చెయ్యి చూసే గుర్తుపట్టాను. గుమ్మం ఆఫీసులో ఎక్కడో ఉంటాడనుకున్నాను గానీ తోళ్లు చూసేది ఇతనే అనుకోలేదు. అతను నిదానంగా చదివాడు. మొదటి రాత చివర్లో ఆగి తన చేతులవైపు చూసుకున్నాడు.

"నా సేతులు మరీ అంత సన్నమేటి మావా?" అన్నాడు.

గైరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏదో గొణిగాను. అతను కుర్చీలోంచి లేచి వచ్చి మా ఇద్దరి కాళ్లకు దణ్ణం పెట్టాడు. క్యూలో వాళ్లందరూ చూస్తున్నారు. మంచి పిల్లడు. ముఖం ఫొటోలో కంటే బాగుంది. ఏమిటో, నాకు ఏడుపొచ్చింది.

అతను మళ్లీ కూర్చుని మిగతా మూడు రాతలూ చదివాడు. మూడోది చదువుతుంటే ముఖం మారింది. నాలుగోది చదివి పేజీ తిప్పాడు. అవతల ఏమీ లేదు.

"సెవి లేదని రాసినావు" అన్నాడు, నా చేతిలోని తోలుకున్న చెవిని చూస్తూ.

నేను కుట్టును బొటనవేలితో కప్పాను.

"నా పెళ్లితోలు నాను సూడకూడదని మా ఆఫీసులో పై ఆవిడతో సెప్పినాను మావా. ఇంకో డాక్టరు లేడు, నువ్వే సూడు, కిందన సంతకం నీదే, తప్పయితే తప్పు నీదే అన్నాది. నాను సరేనంటే లోపల మళ్లీ ఎవులూ సూడరు." పలకను నావైపు జరిపాడు. "పలక మీద పెడతావా?"

పెడితే పాస్ అవుతుంది. పోలి తోలు మీద కూర్చుంటుంది. పేరు నిలుస్తుంది. ఇతను నోరు విప్పడు, అది అతని ముఖంలోనే కనిపిస్తోంది. జీవితాంతం నా ముఖం చూసినప్పుడల్లా ఈ కుట్టు గుర్తుకొస్తుంది. ఎవరైనా కనిపెడితే పోయేది నా పేరు కాదు, అతని సంతకం. కూతుర్ని ఇస్తూ, చేసుకునేవాడి చేతికి ముందుగా నేను ఇచ్చేది ఇదా.

తోలు తిప్పి, దారం పంటితో కొరికేశాను. చెవి ఊడి బల్ల మీద పడింది.

"పద్దతిగా సూడు బాబూ" అన్నాను.

అతను ఊపిరి వదిలాడు. మాంసం ముక్క ఒకటి కోసి, తోలు వెంట్రుక ఒకటి తీసి జ్వరం పరీక్ష చేశాడు. శుభ్రంగా ఉందన్నాడు. తిన్నా భయం లేదన్నాడు. ఆపైన, "గింజ లేని సరుకు శుభ్రంగా ఉన్నా దాటనియ్యలేను మావా. కొలిమిలో ఎయ్యను. గీతకు ఇవతల ఎంతసేపైనా ఉంచుకో. అంతే నా సేతుల్లో ఉన్నాది" అన్నాడు. అలా అంటూ సంతకం పెట్టాడు.

షెడ్డులోకి వచ్చి కూర్చున్నాక గైరమ్మ నోరు విప్పింది. "అల్లుడు మంచోడని నవ్వాలో, మంచోడైపోనాడని ఏడవాలో తెలీడం లేదు."

పోటు రేపు మధ్యాహ్నం. చలిపెట్టె దీపం ఎర్రగా మారింది.

ఆరో రాత: అదే షెడ్డు, సాయంత్రం

పోలి వచ్చింది. పడవ కట్టి, తాడు భుజాన్నే ఉండగా మెట్లెక్కి వచ్చింది. అన్నీ చెప్పాం. కుట్టిన చెవి సంగతి కూడా. నామీద అరుస్తుందనుకున్నాను. ముందు, తన వెనకే వచ్చిన నూకరాజు మీద అరిచింది.

"ఎదురుగా సెవి కనిపించినాక పలక మీద పెట్టమని మా అయ్యని అడిగినావా? పెట్టుంటే ఏటి సేసేవోడివి?"

"తెల్దు. పెట్టకుంటే బాగుణ్ణు అనుకున్నాను" అన్నాడు నూకరాజు.

"పెట్టుంటే నాను నిన్ను సేసుకునేదాన్ని కాదు."

"నాకు తెల్సు. అందుకే సెమట్లు పట్టినాయి."

అప్పుడు నావైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. తోలు విప్పి, మెడ దగ్గర పొడుగు వెంట్రుకలో చెయ్యి పెట్టి చూసింది. "బాగుందన్నావు కదా, నిజిమే" అంది. తోలు లేకుండానే చేసుకుంటానంది. పేరు కొట్టేస్తే కొట్టేయనీ, చీటీ తీసుకుని వస్తుంటానంది. గైరమ్మ ఒక్కసారిగా లేచి, తన అక్క కూతురి పేరు ఎత్తింది. ఏళ్లుగా ఎత్తని పేరు. అవతల తెప్ప మీద నిలబడి కొండను చూసి వెళ్లిపోయిన సంగతి మొత్తం చెప్పింది. పోలి తోలును మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. కింద నీళ్లు చివరి మెట్టు గోడను కొడుతూ పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది. సాయంత్రం పోటు.

బంగారునాయుడు ఏమీ తోచక ఆ మెట్లవైపే చూస్తున్నాడు. "ఓరి, ఆ తెప్ప సూడండి. ఇందాక అంత కిందన ఉన్నాది. ఇప్పుడు మెట్టుకి జానెడే తక్కువ" అన్నాడు.

ఆఫీసు వాళ్లు పడవలు ఆనించడానికి కట్టుకున్న చెక్కతెప్ప అది. చివరి మెట్టు పక్కనే, గీతకు అవతల తేలుతోంది. నూకరాజు దానివైపు చూశాడు. పోలివైపు చూశాడు.

"రేపు పెద్దపోటుకి అది మెట్టుకి సమంగా వొత్తాది" అన్నాడు మెల్లిగా. "నాను నీటి మీదుండాలి. పోలి తోలు మీదుండాలి. తోలు గీత దాటకూడదు. అంతే కదా మావా? మీ పద్దతిలో తోలు ఎక్కడ పరవాలో ఉన్నాదా?"

లేదు. తండ్రి వేటాడిన తోలు మీద కూర్చోవాలి, గట్టు మనుషులు ముగ్గురు చూడాలి, అంతే. ఎక్కడ కూర్చోవాలని ఎవరూ అనలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ ఆ అవసరం రాలేదు.

అతను పరుగున పై ఆవిడ దగ్గరికి వెళ్లాడు. మేం కిటికీ కింద నిలబడి విన్నాం, సిగ్గుపడి ఏం లాభం. ఆవిడ చాలా ప్రశ్నలు వేసింది. తోలు అంచు గీత తాకుతుందా అంది. తాకదన్నాడు. మరి మాంసం ఏం చేస్తారంది. మెట్ల మీద ఇవతలే వండి, ఇవతలే తింటారన్నాడు. "తిన్న మనవాళ్లు గీత దాటి వెనక్కి వెళ్తారు కదా" అంది. కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "సరే, కడుపులో ఉన్నది సరుకు కాదు. చెయ్యి దాటితే దాటనీ. తోలు దాటితే నీ ఉద్యోగం దాటిపోతుంది" అంది.

ఇంకా భయాలున్నాయి. మబ్బు ఉంది. పోటు మెట్టు దాకా రాకపోతే? జానెడు తక్కువైతే తెప్ప కింద, తోలు పైన, చేతులు అందుతాయా? సన్నమైనా పొడుగైన చేతులే, చూశాను. చలిపెట్టె ఆరిపోక ముందే పచ్చిమాంసం కూడా పొగ మీద వేశాం. గైరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవడం లేదు. నూకరాజు వాళ్ల అమ్మ అవతలి పడవలోంచి అరిచింది, అడవి మాంసం ఎప్పుడో చిన్నప్పుడు తిన్నానని, కొంచెం ఎక్కువ కారం వెయ్యమని.

పెళ్లయ్యాక పోలి లేచి గీత దాటి తెప్ప ఎక్కుతుంది. తోలు మాతో ఇంటికి వస్తుంది. అరుగు మీద పరిచి ఉంచుతాం. చీటీ లేకుండా ఎప్పుడొచ్చినా దానిమీదే కూర్చుంటుంది.

ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడే బంగారునాయుడికి తట్టిన మాట ఇంకొక ఎత్తు. "బావా, పెళ్లి మన నేల మీద కదా. మరి మనోల్లకి సీటీలెందుకు?"

నేను గుమ్మంలో ఉండే మా దేశపు గుమస్తా దగ్గరికి పరుగెత్తాను. ఈ వయసులో పరుగెత్తాను. చీటీలు అక్కర్లేదన్నాడు. గీతకు ఇవతల ఎంతమందైనా నిలబడవచ్చు, మెట్ల మీద చోటుంటే చాలన్నాడు. ఈ రాత్రికే తీగబండి ఎక్కి దారిలో ఎక్కడా ఆగకుండా వస్తే పోటుకు అందుకుంటారన్నాడు. పేర్లు రాసిస్తే ఇప్పుడే మాటబిళ్లలో అందరికీ కబురు చెబుతానన్నాడు. కాబట్టి ఈ చిట్టా ఆఖరి పేజీలో రాస్తున్నాను. దయచేసి ఒక్కరిని కూడా వదలకండి:

మా అక్క మరిడమ్మ. అందరికంటే ముందు ఆమెకు. పోలి పెళ్లి చేసుకోదన్న మాట మనసులో పెట్టుకోలేదని కూడా చెప్పండి.

ఆమె కొడుకు సత్తిబాబు. డోలు తెమ్మనండి. వానలో తడవకుండా గోనె చుట్టమనండి.

బంగారునాయుడి భార్య నరసాయి, పిల్లలు. మిరపకాయలు తెమ్మనండి, ఇక్కడివి చాలవు.

మా పెదనాన్న కొడుకు అప్పన్న. తీగబండి అంటే భయం. కళ్లు మూసుకుని ఎక్కమనండి, గైరమ్మ అట్లాగే ఎక్కింది.

గైరమ్మ మేనమామ సూరయ్య తాత. చెవుడు. బిళ్లలో కాదు, పక్కింటివాళ్లను పంపి చెప్పించండి.

గైరమ్మ అక్క కూతురు దాలమ్మ. ఆమె తెప్పలదేశంలోనే ఉంది, పేరు కొట్టేసినా మాకు చుట్టమే. ఆమెను ఎవరూ గీత దాటి రమ్మనడం లేదు. తెప్ప మీద పెళ్లికొడుకు పక్కన నిలబడితే చాలు, పిన్నిని ఎదురుగా చూడవచ్చు.

నా ఇద్దరు చెల్లెళ్లు, వాళ్లిద్దరికీ ఒకేసారి చెప్పండి, ఎవరికి ముందు చెప్పామని మళ్లీ గొడవ వద్దు.

జోడుబండల వాగు ఎగువన అడవికి ఎవరూ వెళ్లి చెప్పనక్కర్లేదు. చెవి దాని దగ్గరే ఉంది.